ఏడాది పసుపు కొనే ముందు: సీసం పరీక్షల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

సంక్రాంతి దాటి నిజామాబాద్ యార్డుకు కొత్త పసుపు రావడం మొదలైతే, ఏడాదికి సరిపడా కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకునే ఇళ్లు మనలో ఇంకా చాలా ఉన్నాయి. ఇప్పుడు దానికి ఒక పరీక్ష కూడా తోడైంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి, చెంచాడు పసుపు వేస్తారు. నీళ్లు చిక్కటి పసుపు రంగుకు తిరగకపోతే సరుకు మంచిదే అనుకుంటారు. సీసం విషయంలో మాత్రం ఆ ధైర్యం పనికిరాదు.

ఆ పరీక్ష నీళ్లలో కరిగే రంగుల కోసం పెట్టింది. కొమ్ములు నిగనిగలాడాలని పాలిష్ పట్టేటప్పుడు కలిపే లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న పచ్చటి రంగు పొడి) నీళ్లలో దాదాపు కరగదు, బరువు కాబట్టి అడుక్కి దిగిపోతుంది. పైన నీళ్లు తేటగానే ఉంటాయి. యాసిడ్ చుక్కలు వేసి గులాబీ రంగు వస్తుందా అని చూసే పరీక్ష కూడా మెటానిల్ ఎల్లో అనే వేరే రంగు కోసమే. మనం దేనికి భయపడుతున్నామో దాన్ని ఈ రెండూ పట్టుకోవు.

భయం ఉత్తది కాదు. 2024లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం పట్నాలో సేకరించిన పసుపులో సీసం కిలోకు 1000 మిల్లీగ్రాములు దాటింది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పసుపుకు పెట్టిన హద్దు కిలోకు 10 మిల్లీగ్రాములు. బంగ్లాదేశ్‌లో హద్దు 2.5 మాత్రమే. అక్కడ 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం తేలింది. అధికారులు ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాలు (ఎక్స్-కిరణాలతో అక్కడికక్కడే సీసాన్ని పట్టేవి) పట్టుకుని టోకు మార్కెట్లలోకి వెళ్లి జరిమానాలు వేశాక, 2021 నాటికి ఒక్క నమూనాలోనూ కనిపించలేదు. సరైన చోట సరైన పరీక్ష పెడితే ఎంత మారుతుందో చూడండి.

ఆన్‌లైన్‌లో దొరికే, రుద్దితే సీసం ఉన్నచోట ఎర్రబడే పుల్లల కిట్లు కొనకండి. అవి గోడ రంగుల కోసం చేసినవి, పసుపు రంగులో వాటి ఎరుపు సరిగ్గా కనిపించదు కూడా. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2007లో ఇలాంటి ఇంటి కిట్లను పరీక్షిస్తే, 104 ఫలితాల్లో 56 సీసం ఉన్నా లేదనే చూపించాయి.

ల్యాబ్‌కు పంపాలనుకుంటే అసలు జాగ్రత్త నమూనా దగ్గరే. ల్యాబ్‌లో లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం చాలా సూక్ష్మమైన మోతాదును కూడా కొలుస్తుంది, కానీ ల్యాబ్‌లో యాసిడ్‌లో కరిగించేది మీ పొట్లంలోంచి అర గ్రామో, అంతకు కాస్త అటూ ఇటో. కలిపిన రంగు కొమ్ము పైతోలుకు అంటుకుని ఉంటుంది, ఒక కొమ్ముకు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. బస్తా పైనున్న నాలుగు కొమ్ములు తీసి పంపితే వచ్చే అంకె ఆ నాలుగు కొమ్ములదే. పైన, మధ్యలో, అడుగున తలా గుప్పెడు తీసి, కడగకుండా, మొత్తం కలిపి మెత్తగా పొడి చేయించండి. ఆ పొడిని కుప్పపోసి నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు రెండు పాళ్లు కలపండి, మిగతా రెండూ తీసేయండి. సరిపడా మిగిలేవరకు ఇలాగే చేసి పంపండి. విసుగనిపించినా ఇది మానొద్దు. తప్పుడు రిపోర్టులు చాలావరకు ఇక్కడే పుడతాయని నా నమ్మకం.

ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందన్న ఒక్క మాటతో ఆగకండి. ఆ గుర్తింపు పసుపులో సీసం పరీక్షకు వర్తిస్తుందా అని, ఏయే పరీక్షలకు గుర్తింపు ఉందో రాసే స్కోప్ పత్రంలో చూడండి. 2015లో మ్యాగీ నూడుల్స్ మీద పెట్టిన నిషేధాన్ని బాంబే హైకోర్టు కొట్టేయడానికి ఇదే ఒక కారణం: సీసం ఎక్కువుందన్న ల్యాబ్‌లకు ఆ పరీక్షకు తగిన గుర్తింపు లేదు. తర్వాత హైదరాబాద్, మొహాలీ, జైపూర్ ల్యాబ్‌లలో మళ్లీ పరీక్షించమంది.

రిపోర్టులో 'ఎన్‌డీ' (నాట్ డిటెక్టెడ్, అంటే కనబడలేదు) అని ఉంటే, ఎంతకంటే తక్కువైతే మీ యంత్రం పట్టదు అని అడగండి. అది రాయని ఎన్‌డీకి అర్థం లేదు. యూనిట్ చూడండి: కిలోకు మిల్లీగ్రాము అంటే పీపీఎం, మైక్రోగ్రాము అంటే పీపీబీ, మధ్య తేడా వెయ్యి రెట్లు. అమ్మేవాళ్లు చూపించే రిపోర్టు మీద బ్యాచ్ నంబరు, తేదీ మీ సరుకుతో కలవకపోతే అది మీ పసుపు గురించి చెప్పేదేమీ లేదు.

ఒక దారి చాలామందికి తెలియదు. ఆహార భద్రతా చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం, కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, ఫీజు కట్టి, ఫుడ్ అనలిస్టు (ప్రభుత్వం నియమించిన ఆహార పరీక్షకుడు) చేత కొన్నవాళ్లెవరైనా పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు నిబంధనలకు తగ్గట్టు లేదని తేలితే ఆ ఫీజు తిరిగి వస్తుంది.

కొనేటప్పుడు మరీ మెరిసే, అన్నీ ఒకే రంగున్న కొమ్ములు వద్దు. చేతిలో రుద్దితే పసుపు పొడి మందంగా అంటుకుంటే పక్కన పెట్టండి. తెలిసిన రైతు దగ్గర, పాలిష్ పట్టనివి దొరికితే అవే తీసుకోండి, కాస్త గరుకుగా, మట్టి రంగుగా ఉన్నా ఫర్వాలేదు. గిర్నీలో ముందు పట్టిన వాళ్ల పిండి మిగిలి ఉంటుంది, కాబట్టి మొదటి గుప్పెడు మీ పిండి వదిలేయండి.

పసిపిల్లలున్న ఇంట్లో అనుమానమొస్తే పసుపుతో పాటు పిల్లల రక్తంలో సీసం కూడా చూపించండి. వేలి మీద సూదితో తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి అంకె పెరగొచ్చు. చేతులు సబ్బుతో కడిగించండి. ఎక్కువ వస్తే నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చేయించాలి.

చివరగా, పట్టించిన పిండిలోంచి వంద గ్రాములు శుభ్రమైన కవర్లో సీలు వేసి, తేదీ రాసి, బిల్లుతో కలిపి దాచండి. రేపు ఏ రిపోర్టు మీదైనా అనుమానమొస్తే రెండో ల్యాబ్‌కు పంపడానికి అదే సరుకు మీ దగ్గర ఉంటుంది.