‘ఫెంటాస్టిక్ ప్లానెట్’ చూపించాక జనం చేత మాట్లాడించడం ఎలా?

‘ఫెంటాస్టిక్ ప్లానెట్’ అనే ఈ ఫ్రెంచి బొమ్మల సినిమా (యానిమేషన్) వేయడానికి కావాల్సిన సామాను గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ప్రొజెక్టర్, తెల్ల గోడ, రెండు స్పీకర్లు, తలా ఒక పోస్టుకార్డంత అట్టముక్క, ఒక పెన్సిల్. 25 మందికి మించి పిలవకండి. అందరూ 18 నిండినవాళ్లే ఉండాలి. బొమ్మల సినిమా కదా అని పిల్లల్ని వెంటబెట్టుకొస్తారు, కాబట్టి ఇందులో నగ్నత్వం, చావులు ఉన్నాయని పిలిచేటప్పుడే చెప్పేయండి. హాలు తీసుకుని బయటివాళ్లను కూడా పిలుస్తుంటే, టికెట్ పెట్టకపోయినా హక్కుదారుల అనుమతి తీసుకోవాల్సిందే. డాబా మీదైతే మే నెలలో ఏడున్నరకు ముందు వేయొద్దు. మన హైదరాబాద్‌లో అప్పటిదాకా వెలుగు పోదు, గోడ మీద రంగులు తేలిపోతాయి. సినిమా 72 నిమిషాలే, ఇంటర్వెల్ అక్కర్లేదు.

మాటలు ఫ్రెంచివి. తెలుగు సబ్‌టైటిల్స్ మీరే రాసుకుంటే ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉండే ఫైలు పద్ధతి) సేవ్ చేయండి, లేదంటే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించొచ్చు. ఒత్తులు విడిపోతున్నాయేమో ముందురోజే వేసి చూసుకోండి. పక్కన నిలబడి గట్టిగా తెలుగులో చెప్పే మనిషిని మాత్రం పెట్టకండి. అలా పెడితే జనం ఆ గొంతు వింటారు, తెర చూడరు.

పరిచయం రెండు నిమిషాలు చాలు. దర్శకుడు రెనే లలూ, బొమ్మలు రోలాఁ తోపోర్‌వి, కత్తిరించిన బొమ్మలను కదిలిస్తూ అప్పటి చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో తీశారు, 1973లో కాన్ సినిమా ఉత్సవంలో ప్రత్యేక బహుమతి వచ్చింది. నీలిరంగు మహాకాయులు డ్రాగ్‌లు, వాళ్లు పెంచుకునే చిన్న మనుషులు ఓమ్‌లు. ఇంతే చెప్పండి. సినిమాకు అర్థం ఇదీ అని చెప్పారో, చివర్లో ఆ మాటే తిరిగి మీకు అప్పజెబుతారు.

సినిమా నడుస్తుండగా ఒకరు వెనక వరసలో కూర్చుని, ఏ నిమిషంలో నవ్వారో, ఎప్పుడు ఫోన్లు వెలిగాయో రాసుకోవాలి. పంజరంలాంటి మొక్కలో కూర్చున్న జీవి చిన్న ప్రాణులను పట్టి ఊపి, నేలకేసి కొట్టి నవ్వుతుంది. అక్కడ జనమూ నవ్వుతారు. ‘ష్’ అనకండి. ఆ నవ్వు నవ్విన జనమే, పార్కులో ఓమ్‌లను విషవాయువుతో చంపే ఘట్టానికి బిగుసుకుపోతారు. మొదటిది అణచేస్తే రెండోది రాదు. డ్రాగ్‌ల ధ్యానం దగ్గర ఫోన్లు వెలగడం మామూలే, రాసుకుని ఊరుకోండి.

ఇక అసలు కష్టం. సినిమా అయిపోయాక మొదటి ఐదు నిమిషాలు. కార్యక్రమం పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే.

ట్యూబ్‌లైట్లు వేయకండి. మూలన ఒక చిన్న దీపం చాలు, రాయడానికి సరిపోయేంత. ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు. అడిగిన మరుక్షణం ముందు వరసలో ఒకరు ‘ఏదో మత్తులో తీసినట్టుంది’ అంటారు, అందరూ నవ్వుతారు, ఆ తర్వాత మనసులో కలవరపడినవాళ్లు నోరు తెరవరు. ‘అర్థమైందా?’ అని అడగడం ఇంకా తప్పు, అది పరీక్ష పెట్టినట్టు వినిపిస్తుంది. మాటలకు ముందే అట్టముక్కలు పంచి ఒకే ప్రశ్న వేయండి: ‘ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఏ దృశ్యం కనిపిస్తోంది?’ మూడు నిమిషాలు టైమివ్వండి. పేరు రాయొద్దనండి. ఎవరూ మాట్లాడకూడదు, మీరు కూడా. ఆ నిశ్శబ్దం భరించలేక మధ్యలో ఏదో ఒకటి మాట్లాడేయాలనిపిస్తుంది, ఓర్చుకోండి.

ఈ ఐదు నిమిషాల్లో చాయ్ రాకూడదు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉంటే నోళ్లు విప్పుతారని చాలామంది నమ్మకం. విప్పుతారు నిజమే, కానీ నలుగురు నలుగురుగా విడిపోయి అక్కడే చెప్పేసుకుంటారు. మళ్లీ కుర్చీల్లోకి వచ్చేసరికి మంచి మాటలన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. చాయ్ సినిమాకు ముందు ఇవ్వండి, లేదా చర్చ అయ్యాక. మైకు కూడా వద్దు, అది చేతికొస్తే ప్రతి ఒక్కరూ ఉపన్యాసం అందుకుంటారు. వాట్సాప్‌లో స్టార్లు వేయించడం ఈ సినిమాకు అన్యాయం.

అట్టముక్కలు కలిపేసి, ఒక్కొక్కటీ మీరే చదవండి. ‘బిడ్డనెత్తుకుని పరిగెత్తే తల్లిని నీలి వేళ్లు తోసేయడం’ అని రాసింది మొదట చదివితే చర్చ ఊపందుకుంటుంది. చదివాక ‘అక్కడ మీకేమనిపించింది?’ అని అందరినీ అడగండి, రాసిందెవరో వెతకొద్దు.

పది నిమిషాల్లో అన్వయాలు మొదలవుతాయి. ఒకరు వీధికుక్కల గొడవ ఎత్తుతారు, ఒకరు ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టడం గురించి, ఇంకొకరు గచ్చిబౌలి టవర్లు కట్టే కూలీల గురించి. అన్నీ నిజమైన స్పందనలే. అయితే వీధికుక్కల మాట వచ్చిందంటే రెండు పక్షాలై సినిమా మర్చిపోతారు. వాదన ఆపమనకండి, ‘ఏ షాట్‌లో అలా అనిపించింది?’ అని అడగండి. షాట్ చెప్పగలిగితే కొనసాగనివ్వండి, చెప్పలేకపోతే తర్వాతి అట్ట తీయండి. ప్రాగ్ మీద 1968 సోవియట్ దాడే ఈ కథకు మూలమని ఎవరైనా తేల్చేస్తే, స్టెఫాన్ వుల్ రాసిన మూల నవల 1957లోనే వచ్చిందని చెప్పండి. సినిమా తీసేటప్పుడు ఆ నీడ పడి ఉండొచ్చు, కథ మాత్రం అంతకుముందుది.

నలభై నిమిషాలకు ఆపేయండి. అట్టముక్కలను నచ్చింది, నచ్చలేదు అని విడదీయకుండా సినిమాలో దృశ్యాలు వచ్చే వరసలో పేర్చి, వెనక వరసలో రాసుకున్న నిమిషాలను పక్కన పెట్టి చూడండి. నవ్విన చోటే ఎక్కువమంది రాశారో, బిగుసుకుపోయిన చోట రాశారో అప్పుడు తెలుస్తుంది.