కోడి తలకాయతో పక్షి ముక్కు లోగుట్టు తెలుసుకోవడం ఎలా?

చెరువు కట్ట మీద కొంగ పుర్రె కనబడితే ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. తేకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్న పక్షుల బొక్కలను (ఎముకలను) అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. పైగా అది ఏ రోగంతో చచ్చిందో ఏమో! హన్మకొండలో ఏదో ఒక చికెన్ షాపులో నాటుకోడి తలకాయ అడగండి, చాలు.

గ్లౌజులు తొడుక్కుని తోలు ఒలవండి. నాలుక, వచ్చినంత మాంసం తీసేయండి. మెదడును పుర్రె వెనకున్న రంధ్రంలోంచి సన్న పుల్లతో కదిపి నీళ్లతో కడిగేయాలి.

కుక్కర్ జోలికి మాత్రం పోవద్దు. మొదటిసారి నేను చేసిన పని అదే. మూడు విజిల్స్‌కు పుర్రె కీళ్లకు కీళ్లు ఊడింది, అమ్మ ఆ కుక్కర్‌ను మళ్లీ పొయ్యి ఎక్కనివ్వలేదు.

పాత ప్లాస్టిక్ డబ్బాలో తల మునిగేలా నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి, డాబా మీద ఓ మూలకు ఉంచండి. కంపు కొడుతుంది, తప్పదు. మాంసాన్ని తినేది ఆ నీళ్లలోని బాక్టీరియానే. నాలుగైదు రోజులకోసారి సగం నీళ్లు మార్చండి. పాత చాయ్ జాలిలో వడకడితే చిన్న బొక్కలు పోవు. ఓరుగల్లు మే ఎండలకు రెండు మూడు వారాలు, చలికాలమైతే ఇంకా ఎక్కువ.

అసలు తమాషా మధ్యలో జరుగుతుంది. ఒకరోజు ముక్కు పట్టుకుంటే పెన్ను క్యాప్‌లా పైపొర ఊడి చేతిలోకి వస్తుంది! మన గోరు ఏ పదార్థమో అదీ అదే. పక్షి బతికున్నంత కాలం అరుగుతూ, పెరుగుతూ ఉంటుంది. లోపలి బొక్క పలచగా, సూది మొనంత రంధ్రాలతో ఉంటుంది. రక్తనాళాలు, నరాలు వాటిలోంచే పోతాయి. ఆ పొరను పారేయకండి, ఆరాక తొడగొచ్చు.

తర్వాత గిన్నెలు కడిగే సబ్బు నీళ్లలో రెండు రోజులు, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు. బ్లీచింగ్ వద్దు, బొక్కను తినేస్తుంది.

ఆరిన పుర్రెతో వడ్డేపల్లి చెరువు వైపు పోయి పోల్చి చూడండి. గింజలు ఏరుకునే కోడిది పొట్టి ముక్కు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, కొసలే కలుస్తాయి.

పై ముక్కు నుదుటిని తాకే చోట బొక్క రేకులా పలచగా ఉంటుంది. వేలితో మెల్లగా నొక్కితే వంగుతుంది. రామచిలుకకు అక్కడ ఏకంగా కీలే ఉంటుంది. జామకాయ కొరికేటప్పుడు చూడండి, పై ముక్కు లేవడం కనిపిస్తుంది.