ఎమ్మారై చిత్రంలో చుక్కల గీత: తలుపు మూసినా పోకపోతే

చిత్రంలో ఒక అంచు నుంచి మరో అంచు వరకు, జిప్పులాగా, నలుపు తెలుపు చుక్కల గీత కనిపిస్తుంది. రోగి మారినా, కాయిల్ (శరీరం నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునే తీగచుట్ట) మారినా అది అక్కడే ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది కాయిల్ మార్చి, సీక్వెన్స్ (స్కాన్ చేసే పద్ధతి) మార్చి, ఇంజినీరుకు ఫోన్ చేసిన తరువాత గానీ గది తలుపు పూర్తిగా పడిందో లేదో చూడరు. దయచేసి ముందు తలుపు చూడండి, ఎందుకంటే ఈ గీత తరచుగా బయటి రేడియో తరంగాలు గదిలోకి చొరబడటం వల్లే వస్తుంది.

శరీరంలోని ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) 1.5 టెస్లా అయస్కాంత బలం వద్ద సుమారు 63.9 మెగాహెర్ట్జ్‌లో, 3 టెస్లా వద్ద సుమారు 127.7 మెగాహెర్ట్జ్‌లో సంకేతం ఇస్తాయి. ఈ రెండో పౌనఃపున్యం పైలట్లు మాట్లాడుకునే 118–137 మెగాహెర్ట్జ్ పట్టీలోనే పడుతుంది. శరీరం నుంచి వచ్చే సంకేతం అతి బలహీనమైనది కనుకనే, బయటి తరంగాలు దానితో కలవకుండా గది చుట్టూ రాగి కవచం వేస్తారు. తలుపు కూడా ఆ కవచంలో భాగమే.

తలుపు సరిగా ఉంటే ఫేజ్, ఫ్రీక్వెన్సీ దిశలను (చిత్రాన్ని నిర్మించే రెండు అక్షాలను) ఒకదానితో ఒకటి మార్చి ఫాంటమ్‌ను (రోగికి బదులు పరీక్షకు వాడే నమూనాను) మళ్లీ స్కాన్ చేయండి. గీత కూడా తిరిగితే అది ఫేజ్ దిశను అనుసరించే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) గీతే. అది ఫ్రీక్వెన్సీ అక్షానికి సరిగ్గా మధ్యలో ఉంటే మాత్రం లోపం యంత్రం లోపలే ఉండే అవకాశం ఎక్కువ. అది సర్వీసు ఇంజినీరు పని.

అందరినీ తిప్పలు పెట్టేది వేవ్‌గైడ్. గోడలో ఉండే ఆ లోహపు గొట్టం 10 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటే, సుమారు 1.75 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు దాని పొడవునా క్షీణించిపోతాయి. అందుకే అది తెరిచి ఉన్నా కవచానికి నష్టం లేదు, ఆక్సిజన్ గొట్టాన్ని నిశ్చింతగా పంపవచ్చు. కానీ అదే రంధ్రం గుండా ఒక లోహపు తీగ పంపితే గొట్టం, తీగ కలిసి కోయాక్సియల్ కేబుల్‌లా (మధ్యలో తీగ, చుట్టూ లోహపు తొడుగు ఉండే కేబుల్‌లా) పనిచేస్తాయి. ఇక తక్కువ పౌనఃపున్యాలకూ అడ్డు ఉండదు, బయటి తీగ యాంటెన్నా అవుతుంది. మత్తు ఇచ్చి స్కాన్ చేసే రోజుల్లో మాత్రమే గీత వస్తుంటే, బయటి మానిటర్ నుంచి పల్స్ ఆక్సీమీటర్ తీగను ఎవరో ఆ గొట్టంలోంచి లోపలికి తెచ్చారేమో చూడండి. తీగను పూర్తిగా తీసి, ఫాంటమ్‌తో పరీక్షించండి. గీత పోతే కారణం తేలినట్లే. దాని స్థానంలో ఎమ్మారై గదికి అనుమతించిన ఫైబర్ ఆప్టిక్ సెన్సార్ గానీ వైర్‌లెస్ మానిటర్ గానీ వాడాలి; విద్యుత్ తీగ తప్పనిసరైతే పెనిట్రేషన్ ప్యానెల్‌లోని (తీగలు గదిలోకి వచ్చే గోడ పలకలోని) ఫిల్టర్ ద్వారానే రావాలి. పైగా అలాంటి తీగ రోగి చర్మాన్ని కాల్చగలదు, కాబట్టి చిత్రం బాగున్నా దాన్ని ఉంచకూడదు.

తలుపు అంచున ఉండే రాగి పళ్లు వంగడం, మురికి పట్టడం, గదిలోని ఎల్‌ఈడీ దీపం లేదా పంపు పాడవడం కూడా జరుగుతాయి. ఒక్కొక్కటి ఆపి చూస్తే తెలిసిపోతాయి. చిత్రమంతా వాలు చారలు పరచుకుంటే అది ఈ సమస్య కాదు. వదులైన లోహపు భాగాల దగ్గరో, పొడి గాలిలో పుట్టే స్థిర విద్యుత్ దగ్గరో వెతకాలి.