ఒకే కోరల్ (పగడం) ముక్క ఒకరింటి అక్వేరియంలో పెరిగి, ఇంకొకరింట్లో ఎందుకు ఆగిపోతుంది?

బరంపురంలో ఇద్దరు ఒకే కోరల్ నుంచి చెరో ముక్క పట్టుకెళ్లారనుకోండి, ఆరు నెలలకి ఒకరింట్లో కొమ్మలేస్తుంది, ఇంకొకరింట్లో అంటించిన రోజు ఎంతుందో అంతే ఉంటుంది. ఆగిపోయిందని వెంటనే లైటు మార్చకండి, కొత్త మందు సీసాలు కొనకండి. ముందు కేహెచ్, అంటే నీళ్లలో కార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత, చూడండి. తేడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

హార్డ్ కోరల్, అంటే రాయిలాంటి గట్టి పగడం, తన అస్థిపంజరాన్ని నీళ్లలోని కాల్షియం, కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. సముద్రపు నీళ్లలో కాల్షియం 410-420 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) ఉంటుంది, కేహెచ్ మాత్రం 7-8 డిగ్రీలే. కోరల్ 7 పీపీఎం కాల్షియం వాడేసరికి కేహెచ్ 1 డిగ్రీ పడిపోతుంది కాబట్టి ముందు అడుగంటేది ఇదే.

డోసింగ్ (రోజూ నీళ్లలో కలిపే కాల్షియం, కేహెచ్ మందులు) ఆపి, ఈ రోజు సాయంత్రం ఏడింటికి ఒకసారి, రేపు అదే టైముకి ఇంకోసారి కొలవండి. కేహెచ్ టెస్ట్ కిట్ ట్యూబ్ వెనక తెల్ల కాగితం పెట్టి, కిట్‌లోని ద్రావణం వేస్తూ, చుక్క చుక్కకీ ఊపుతూ, రంగు పూర్తిగా మారిన చుక్క దగ్గర ఆగాలి. నిన్న 8.4, ఈ రోజు 7.8 వస్తే మీ ట్యాంకు రోజుకి 0.6 తింటోందన్నమాట. 100 లీటర్లలో 1 డిగ్రీ పెరగాలంటే సుమారు 3 గ్రాముల వంట సోడా కావాలి, అంటే ఇక్కడ రోజుకి 1.8 గ్రాములు. బేకింగ్ పౌడర్ వాడకండి, అది వేరు. సోడాని ఆర్వో ఫిల్టర్‌లో శుద్ధి చేసిన నీళ్లలో కరిగించి, పంపు ధార పడే చోట మెల్లగా పోయండి. లీటర్ల లెక్కలో రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేయాలి. ఒక్కరోజులో 1 డిగ్రీకి మించి పెంచొద్దు, కోరల్‌కి తక్కువ కేహెచ్ కన్నా ఎగుడుదిగుడు కేహెచ్ ఎక్కువ చేటు.

తర్వాత వేడి. 25-27 డిగ్రీలు బాగుంటుంది, 30 దాటి రోజుల తరబడి ఉంటే తన ఒంట్లో ఉండే ఆల్గేని (నాచు కణాల్ని) వదిలేసి కోరల్ తెల్లబడిపోతుంది. ఫ్యాను చల్లబరిచేది నీళ్లు ఆవిరవడం వల్లే, అందుకే ఉక్కపోత ఉండే బరంపురం, గోపాల్‌పూర్‌లో దానివల్ల దక్కేది తక్కువ, అదే కోరాపుట్ కొండల్లో అయితే చలికాలం హీటరే కావాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పు ఎక్కడికీ పోదు కదా! సాంద్రత 1.026 దగ్గర నిలబడాలి. బోరు నీళ్లు మాత్రం వద్దు.

ఏసీ గదిలో తలుపులన్నీ మూసి నలుగురు పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ దిగుతుంది, ఎదుగుదల నెమ్మదిస్తుంది. స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మురికిని తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెడితే చాలావరకు తీరుతుంది.

గోపాల్‌పూర్ దగ్గరే కదా అని సముద్రపు నీళ్లు తెచ్చుకోవాలనిపిస్తుంది. వానాకాలం నదుల నీరు కలిసి అక్కడ ఉప్పదనం తగ్గిపోతుంది, బురద కూడా. సాల్ట్ మిక్సే నయం.

కోరల్‌ని మాత్రం సముద్రం నుంచి ఎప్పుడూ తీయకండి. రీఫ్ కట్టే హార్డ్ కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కాబట్టి కాగితాలు లేని ముక్క ఎంత చవకగా వచ్చినా ముట్టొద్దు. కొత్తవాళ్లు లెదర్, మష్రూమ్ లాంటి సాఫ్ట్ కోరల్స్‌తో మొదలుపెట్టండి, వాటికి కేహెచ్ టెన్షన్ కూడా తక్కువ.

ఇవన్నీ నెల రోజులు నిలకడగా ఉన్నాకే లైటు జోలికి వెళ్లండి. లెదర్‌కి 50-100 పార్ (కోరల్‌కి పనికొచ్చే వెలుతురు కొలత) చాలు, అక్రోపొరా అనే కొమ్మల హార్డ్ కోరల్‌కి 200-350 కావాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, నెలకోసారి పక్కన స్కేలు ఆనించి అదే కోణంలో ఫోటో తీసుకోండి, పెరిగిందో లేదో మిల్లీమీటర్లలో తెలుస్తుంది.