పాత పట్టుచీరతో కుట్టిన పెళ్లి లెహంగా చీలుతోందా? సమస్య - పరిష్కారం

అమ్మమ్మ కట్టిన కంచిపట్టు చీరను మనవరాలి పెళ్లికి లెహంగాగా కుట్టిస్తారు. మొదటిసారి కూర్చోగానే మోకాలికి కాస్త పైన అడ్డంగా ఒక చీలిక కనిపిస్తుంది. టైలరు బిగుతుగా కుట్టాడని ఇంటిల్లిపాదీ నింద వేస్తారు. బిగుతే కారణమైతే కుట్టు వెంట విడిపోవాలి. బట్ట మధ్యలో గీత గీసినట్లు చీలిందంటే తప్పు సూదిది కాదు, బీరువాది.

చీర వెడల్పు సుమారు 48 అంగుళాలు. దానిని అంచుకు అంచు కలిపి ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే, చీర పొడవునా నడిమధ్యలో పట్టుపోగులు ఒకే చోట వంగి పెళుసుబారతాయి. జరీ ఉన్నచోట లోహపు తీగ వాటిని మరింత కోస్తుంది. అంచు కిందికి వచ్చేలా లెహంగా కత్తిరించినప్పుడు ఆ మడత నేల నుంచి రెండడుగుల ఎత్తున చుట్టూ తిరుగుతుంది, బరువైన అంచంతా దాని మీదే వేలాడుతుంది. ఇస్త్రీ చేయగానే ఆ గీత కంటికి కనిపించకుండా పోతుంది, బలహీనత మాత్రం అక్కడే ఉంటుంది. శుభ్రంగా ఇస్త్రీ చేసి తెచ్చిన చీరను చూసి, బట్ట గట్టిగానే ఉందని నమ్మి నేనూ ఒకసారి కత్తెర పెట్టాను. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఆ లంగా విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

కాబట్టి ఇస్త్రీకి ముందే చీర విప్పి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ప్రతి మడత వెంట రంగుదారంతో వదులుగా కచ్చాకుట్టు వేసుకోవాలి. పెద్ద పనేమీ కాదు, అయినా చాలామంది చేయరు. తర్వాత మడతకు అటూ ఇటూ రెండు చేతులతో పట్టి మెల్లగా లాగండి. పోగులు జరిగి వెలుతురు కనిపించినా, సన్నగా చిటపటమన్నా ఆ భాగం బరువు మోయలేదు. జాకెట్టు చంకలకూ నడుముకూ మడత లేని ముక్కలే వాడాలి. నిలువుగా వచ్చే మడతలను కుచ్చిళ్ల లోపలికి తిప్పేయాలి. నడిమి మడతను తప్పించలేము గనుక, ముందే ఉతికి ఆరేసిన మల్‌మల్ బట్టను లంగా పొడవునా అస్తరుగా పరిచి, అంచు పైభాగాన చేతికుట్టుతో కలిపేయాలి. అప్పుడు అంచు బరువు పట్టును వదిలి అస్తరు మీదుగా కొత్త బట్టతో కుట్టిన నడుంపట్టీకి చేరుతుంది. ఇప్పటికే చీలిన లంగాకూ ఇదే వైద్యం, చీలిక వెనుక పట్టుముక్క అదనం. ఇస్త్రీతో అతుక్కునే కాన్వాసు జోలికి మాత్రం పోవద్దు, జిగురు ఆగిన చోటే కొత్త చీలిక మొదలవుతుంది.

కుట్టు పక్కన చిన్న రంధ్రాలు పడితే సూది మొద్దుబారిందని అర్థం, సన్నని కొత్త సూది వేయండి. బట్ట ముడుచుకుపోతే అస్తరు ఉతకకుండా వేశారు. పాత పట్టు మీద మగ్గం వర్కు చేయించాలన్న ఆశ వదులుకుని, ఆ పనితనాన్ని కొత్త రాసిల్కు జాకెట్టుకు ఉంచుకోవడం మంచిది. వెండిజరీ నల్లబడితే చింతపండుతో రుద్దకండి, ఆ నలుపు పాతచీరకు అందమే. పురుగు కొట్టినా, రంగు దిగినా ఆ ముక్క తీసేస్తే సరిపోతుంది.

ట్రయల్ రోజున పెళ్లికూతురిని అద్దం ముందు నిలబెట్టి పంపేయకుండా, పీట మీద బాసింపట్టు వేయించి పావుగంట కూర్చోబెట్టి, లేచాక ఆ నడిమి మడత గీత వెంట వేలితో తడిమి చూడండి.