తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకు విరాళం: దరఖాస్తు విధానం

తిరుమలలో భోజనం చేయడానికి దరఖాస్తు, టికెట్ ఏవీ అక్కర్లేదు. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం దగ్గర క్యూలో నిలబడితే చాలు, కూలీకైనా కోటీశ్వరుడికైనా అదే విస్తరి. దరఖాస్తు పని ఉండేది ఆ వంటకు డబ్బు ఇవ్వదలచిన వాళ్లకే.

1985 ఏప్రిల్ 6న, ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, రోజుకు రెండు వేల మందికి భోజనంతో మొదలైన పథకం ఇది. 1994లో విడిగా ట్రస్టు అయింది. 2014 నుంచి శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు అంటున్నారు. కొండమీదికి వచ్చినవాళ్లకే కాదు, కింద తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల్లోనూ ఈ ట్రస్టు భోజనం అందుతుంది. పల్లెల నుంచి రోగితో పాటు వచ్చి వరండాలో పడుకునే వాళ్లకు ఆ పూట తిండి ఎంత ఆసరానో అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు.

విరాళం ఇచ్చేముందు ట్రస్టు ఏదో సరిచూసుకోండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పది వేలు కట్టి బ్రేక్ దర్శనం తీసుకునేది శ్రీవాణి ట్రస్టు. ఆ డబ్బు గుడుల నిర్మాణానికి వెళ్తుంది. ఈ-హుండీలో వేసింది కూడా అన్నప్రసాదం ఖాతాకు రాదు. అనాథ పిల్లల కోసం ఇవ్వాలనుకుంటే దానికి ట్రస్టు వేరే ఉంది.

ఆన్‌లైన్‌లో అయితే టీటీడీ అధికారిక పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి, విరాళాల విభాగంలో అన్నప్రసాదం ట్రస్టును ఎంచుకోవాలి. దాత పేరు, చిరునామా, పాన్ నంబరు నింపి, కార్డుతోనో యూపీఐతోనో కట్టేస్తే రశీదు వస్తుంది. దాన్ని అప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అమ్మ పేరు మీద ఇస్తూ కొడుకు పాన్ వేయడం మామూలుగా జరిగే పొరపాటు. రశీదు ఎవరికి కావాలో పేరు, పాన్ రెండూ వాళ్లవే ఉండాలి. చెక్కు, డీడీ ఇచ్చేవాళ్లు వెనకవైపు పేరు, ఫోను నంబరు, ట్రస్టు పేరు రాసి, ఒక కవరింగ్ లెటర్ జతచేయాలి. నేరుగా వెళ్తే తిరుమలలోని డోనర్ సెల్‌లో ఇవ్వవచ్చు.

ట్రస్టుకు వచ్చే విరాళాలను జాతీయ బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వడ్డీని వంటశాలకు ఖర్చుపెడతారు. ఒక రోజు భోజనం ఖర్చు మొత్తం తామే భరించే ఒకరోజు విరాళం సంగతి వేరు. రోజంతా భోజనానికి 44 లక్షలు. విడిగా అయితే ఉదయం అల్పాహారానికి 10 లక్షలు, మధ్యాహ్నం 17 లక్షలు, రాత్రి 17 లక్షలు. పెళ్లిరోజో, తండ్రి ఆబ్దికమో కోరుకునే వాళ్లు తేదీ దొరుకుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ రోజు కేంద్రంలోని డిస్‌ప్లే మీద దాత పేరు వస్తుంది. కావాలంటే కుటుంబంతో కలిసి స్వయంగా వడ్డించవచ్చు. చక్కెర పొంగలి, సాంబారు, రసం, మజ్జిగతో పాటు 2025 మార్చి నుంచి మసాలా వడ కూడా విస్తట్లోకి వచ్చింది. వరసలో వడ వేస్తూ పోయే దాతకు ఎదురుగా కూర్చున్న వాళ్లలో సగం మంది ఇంకోటి అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

లక్ష, ఆపైన ఇచ్చేవాళ్లకు దర్శనం, గది లాంటి సౌకర్యాలు ఉంటాయి. వాటి పట్టిక మారుతుంటుంది కాబట్టి కట్టే రోజు పోర్టల్‌లో ఉన్నదే చూడండి. దర్శనమే ముఖ్యమైతే దానికి వేరే దారులు ఉన్నాయి, అన్నదానం పేరు ఎందుకు?

ఆదాయపు పన్ను విషయంలో, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే మినహాయింపు, అదీ ఇచ్చిన దాంట్లో సగానికి, ఆదాయ పరిమితికి లోబడి. కొత్త విధానం ఎంచుకుంటే లేదు. రెండు వేలు దాటి నగదుగా ఇచ్చినా లేదు.

విదేశాల్లోని మనవాళ్లు ఒకటి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి మామూలుగానే పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మాత్రమే ఉన్నవాళ్ల డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళం. దాన్ని విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద తెరిచిన ఖాతాకే పంపాలి కాబట్టి, ఊళ్లో ఉన్న తమ్ముడి ఖాతాలో వేసి అతని పేరుతో కట్టించకుండా, ముందుగా టీటీడీకి రాసి ఖాతా వివరాలు తెప్పించుకోండి.