బోదకాలుకు మాటిమాటికీ వచ్చే జ్వరం ఎలా ఆగిందంటే

మాది కోవూరు దగ్గర పల్లె. అమ్మకు ఎడమకాలు బోదకాలు. నాట్లు, వానలు మొదలైతే చాలు, చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, కాలంతా ఎర్రబడి మంట. పసర్లు, తాయెత్తు, మెడికల్ షాపు యాంటీబయాటిక్స్, ఫైలేరియా మాత్రలు అన్నీ అయ్యాయి (ఆ మాత్రలు బోదకాలు తెచ్చే పురుగు మీద పనిచేస్తాయి, పాత వాపును కరిగించవు).

తేడా కనిపించింది కాలు కడగడం మొదలుపెట్టాకే! రోజూ రాత్రి చన్నీళ్ళు, మామూలు సబ్బు. మోకాలి నుంచి కిందికి, గట్టిగా రుద్దకుండా, చర్మం మడతల్లో, చివరగా వేళ్ళ సందుల్లో. తర్వాత పాతచీర గుడ్డతో అద్దాలి. సన్నగా చుట్టిన గుడ్డ సందుల్లోకి పోనిచ్చి తడి పూర్తిగా తీయాలి. కిటుకంతా ఇక్కడే. బురదలో నాని ఒరుసుకుపోయిన సందుల్లోంచే బాక్టీరియా దూరుతుంది. బోదకాలులో లింఫు నాళాలు (ఒంట్లో కణాల మధ్య చేరే నీటిని, అంటే లింఫును, తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలు) దెబ్బతిని ఉంటాయి కాబట్టి కాలు దాన్ని తట్టుకోలేదు. బాగా ఆరాక, డాక్టర్ రాసిన ఫంగస్ క్రీము.

పడుకున్నాక కాలికింద దిండు, మడమ పైకీ కిందికీ ఆడించడం. రక్తానికి గుండె ఉంది, లింఫుకు అలాంటి పంపు లేదు. నాళాలు తమంతట కొంత నెట్టినా, పిక్క కండరం కదిలితే ఇంకా బాగా పైకెక్కుతుంది. లోపలి కవాటాలు వెనక్కి జారనివ్వవు. జ్వరం ఉన్నప్పుడు మాత్రం ఈ వ్యాయామం వద్దు.

వాపు కొంచెమే తగ్గింది. జ్వరం మొన్నటి కార్తీకం వానల్లో రాలేదు. క్రీము వల్లా, కడగడం వల్లా అంటే విడదీసి చెప్పలేను. గుండె, కిడ్నీ జబ్బుల వాపు వేరు, ముందు అది తేల్చుకోండి.